బేలర్‌లో వంగిన ఇనుము: ఏది సీదా చేయొచ్చు, ఏది మార్చాల్సిందే

యాసంగి కోతలు ముగిసే సమయానికి బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్ వైపు లేత్ షాపుల ముందు గడ్డి కట్టలు కట్టే మిషన్ల ముక్కలు కనిపిస్తుంటాయి. గడ్డిని ఎత్తుకునే పికప్ రేకు పట్టీ ఒకటి, గొట్టం రోలర్ ఒకటి, విల్లులా వంగిన సూది ఒకటి. నల్లగొండ, యాదాద్రి, సిద్దిపేట, మెదక్ పొలాల్లో దెబ్బతిన్నవి డీసీఎంలో వేసుకుని తెస్తారు. తెచ్చినవాళ్ళు అడిగేది ఒకటే మాట: "ఉస్తాద్, ఇది సీదా అయితదా?"

అనుభవం ఉన్న ఉస్తాద్ అయితే వెంటనే జవాబివ్వడు. "అయితది గానీ, ఎట్ల వంగిందో చెప్పు ముందు" అంటాడు. డ్రైవర్‌కు అది కాలయాపన లాగా కనిపిస్తుంది. నిజానికి రిపేరులో సగం ఆ ప్రశ్నలోనే ఉంది. ఆ మూడు ముక్కలూ చూపుకు వంగిన ఇనుమే. మొదటిదాన్ని పొలంలోనే సుత్తితో సరిచేసుకోవచ్చు. రెండోదానికి లేత్ కావాలి. మూడోదాన్ని కొట్టి సీదా చేస్తే వారం తిరగకముందే ముడి వేసే డబ్బానంతా పాడు చేసి కూర్చుంటుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే పాత బేలర్ మీద పెట్టే డబ్బు చాలా మిగులుతుంది.

ముందు మిషన్ సంగతి క్లుప్తంగా. మన దగ్గర కంబైన్ హార్వెస్టర్ వరి కోసి, గడ్డిని వెనక వరుసగా వదిలేస్తుంది. ట్రాక్టర్ వెనక తగిలించిన బేలర్ ఆ వరుసను ఎత్తుకుని కట్ట కడుతుంది. ఎక్కువగా కనిపించేది చిన్న గుండ్రటి కట్టల మిషన్. దాని గదిలో చుట్టూ రోలర్లు తిరుగుతూ గడ్డిని చుట్టలా చుడతాయి, దారం చుట్టుకున్నాక వెనక తలుపు తెరుచుకుని కట్ట కింద పడుతుంది. రెండోది పలకల కట్టల మిషన్. ఇందులో ప్లంజర్ అనే బరువైన దిమ్మ నిమిషానికి 80 నుంచి 100 సార్లు ముందుకూ వెనక్కూ కొట్టుకుంటూ గడ్డిని పెట్టెలోకి దట్టిస్తుంది, సూదులు దారాన్ని పైకి తెస్తే ముడి డబ్బా ముడి వేస్తుంది. రెండింటికీ శక్తి ట్రాక్టర్ వెనక తిరిగే పీటీఓ షాఫ్టు నుంచే, నిమిషానికి 540 చుట్లు. వరిగడ్డిలో సిలికా ఎక్కువ కాబట్టి కత్తులు, రోలర్లు, దారం నడిచే దారులు గోధుమ గడ్డికన్నా త్వరగా అరుగుతాయి. దానికి తోడు తడి పొలం, గట్లు, రాళ్ళు. పదేళ్ళు తిరిగిన మిషన్‌లో ఒక్క వంకర ముక్కా లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

ముందు ఎవరు వంచారో తేలాలి

వంగిన ముక్క చాలాసార్లు తప్పు చేసింది కాదు, దెబ్బ తిన్నది. తప్పు ఇంకెక్కడో ఉంటుంది. దీనికి పలకల కట్టల మిషన్‌లోని సేఫ్టీ బోల్టును మించిన ఉదాహరణ లేదు.

ఫ్లైవీల్ అనే బరువు చక్రం దగ్గర ఒక చిన్న బోల్టు ఉంటుంది. ప్లంజర్‌కు గట్టి అడ్డు తగిలితే ఆ బోల్టు తెగిపోవాలి. తెగడానికే దాన్ని పెట్టారు. సూదులది కూడా ఇదే కథ. అవి పెట్టెలోకి వచ్చి మళ్ళీ తమ చోటికి వెళ్ళిపోవాలి. ఏ కారణం చేతనైనా వెళ్ళకపోతే, ప్లంజర్ దారిలోకి ఒక అడ్డుగడ వచ్చి నిలబడుతుంది. ప్లంజర్ దానికి తగిలి ఆగుతుంది, బోల్టు తెగుతుంది, సూదులు బతుకుతాయి. పది రూపాయల వస్తువు పోయి వేల రూపాయల వస్తువు మిగిలే ఏర్పాటు అది.

ఇప్పుడు పొలంలో జరిగేది చూడండి. బోల్టు గంటకోసారి తెగుతోంది. డ్రైవర్‌కు విసుగు, రైతుకు టెన్షన్, పైన మబ్బు. ఎవరో ఒకరు "ఇదిగో, ఇది తెగదు" అని మరీ గట్టిదైన 10.9 లేదా 12.9 గ్రేడ్ బోల్టు తెచ్చి బిగిస్తారు. అది నిజంగానే తెగదు. తర్వాత అడ్డు తగిలినప్పుడు సూదులు వంగుతాయి, లేదా అడ్డుగడ విరుగుతుంది, లేదా గేర్‌బాక్సులో పళ్ళు పోతాయి. అప్పుడు షాపుకు వచ్చేది సూది. దాన్ని ఎంత అందంగా సీదా చేసినా ఆ బోల్టు అక్కడ ఉన్నంతవరకు అది మళ్ళీ వంగడానికే వెళ్తోంది.

మరి బోల్టు అన్నిసార్లు ఎందుకు తెగుతోంది? ఎక్కువ మిషన్లలో నేను అనుమానించేది బోల్టు దూరే బెజ్జాన్నే. ఏళ్ళ తరబడి తెగి తెగి గుండ్రటి బెజ్జం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. వదులు బెజ్జంలో బోల్టు ప్రతి దెబ్బకూ ఊగి, వంగి, అలసి తెగుతుంది. దీనికి మందు గట్టి బోల్టు కాదు. ఆ బోల్టు కలిపే రెండు ఫ్లాంజిలనూ విప్పి, బెజ్జాన్ని బోరింగ్ చేయించి, గట్టిపరచిన ఉక్కు బుష్ దూర్చి, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ బోల్టే వేయాలి. లేత్ షాపులో పెద్ద పనేమీ కాదు.

తర్వాత చూడాల్సింది కత్తులు. ప్లంజర్‌కు ఒక కత్తి, పెట్టె అంచుకు ఒక కత్తి ఉంటాయి. వాటి మధ్య ఖాళీ చాలా మిషన్లలో అర మిల్లీమీటరు నుంచి 0.8 మిల్లీమీటరు దాకానే ఉండాలి. కత్తి మొద్దుబారితే, లేదా ప్లంజర్ నడిచే పట్టాలు అరిగి ఖాళీ పెరిగితే, గడ్డి తెగకుండా మధ్యలో ఇరుక్కుంటుంది. ప్రతి కొట్టుడుకూ బోల్టు మీద భారం పడుతుంది. ఫీలర్ గేజ్‌తో, అంటే సన్నటి కొలత రేకులతో, పైనా కిందా రెండు చోట్లా కొలవండి. పైన సరిగ్గా ఉండి కింద ఎక్కువుంటే ప్లంజర్ పక్కకు ఒరిగిందని అర్థం. కత్తులు సాన పట్టించినంత మాత్రాన అది పోదు.

ఇక మూడో అనుమానితుడు స్లిప్ క్లచ్. భారం మించితే జారాల్సిన ప్లేట్లు వానాకాలమంతా చెట్టు కింద నిలబడి తుప్పుతో ఒకదానికొకటి అంటుకుపోతాయి. పైకి క్లచ్ ఉన్నట్టే ఉంటుంది, పని మాత్రం చేయదు. సీజన్‌కు ముందు స్ప్రింగుల నట్లు వదులు చేసి, కాసేపు జారనిచ్చి, తుప్పు పోయాక స్ప్రింగ్ పొడవు కొలిచి మళ్ళీ బిగించాలి. ఈ పని చేయకుండా వదిలేసిన మిషన్ల వల్లే రిపేరు షాపులకు బోలెడు గిరాకీ.

ఇది ఏ ఇనుము?

దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో తేలాక, చేతిలో ఉన్న ముక్క ఏ లోహమో తెలియాలి. బేలర్‌లో కనీసం నాలుగు రకాలు ఉంటాయి. పక్క రేకులు, డ్రాబార్, తలుపు చట్రం లాంటివి మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్). ఇది మెత్తటిది, వంచితే వంగుతుంది, కొడితే సీదా అవుతుంది, వెల్డింగ్ హాయిగా పడుతుంది. షాఫ్టులు ఈఎన్ 8 లాంటి మధ్యరకం కార్బన్ ఉక్కు. వీటిని ఎర్రగా కాల్చి నీళ్ళు పోస్తే పెళుసు అవుతాయి. పికప్ పళ్ళు స్ప్రింగ్ ఉక్కు. సూదులు, ముడి డబ్బా చట్రం, పికప్ పక్కన ఉండే కామ్ పట్టీ ఎక్కువగా పోత ముక్కలు.

పోతల్లో ఒక చిక్కు ఉంది. మామూలు బీడు (క్యాస్ట్ ఐరన్) వంగదు, విరుగుతుంది. కాబట్టి పోత సూది విరగకుండా వంగి వచ్చిందంటే అది సాదా బీడు కాదని ఆ వంకరే చెబుతోంది. అది వంగే గుణమున్న పోత రకాలైన మ్యాలియబుల్ ఇనుమో, ఎస్‌జీ ఐరనో, ఉక్కు పోతో అయి ఉండాలి. ఈ చిన్న తర్కం చేయకుండానే "ఇది బీడు, ముట్టుకోను" అనేవాళ్ళు ఉన్నారు, "ఇది ఇనుమే" అని మామూలు రాడ్డుతో అతికేసేవాళ్ళూ ఉన్నారు.

అనుమానం తీరకపోతే గ్రైండింగ్ రాయికి ఆనించి చూస్తారు. ఎంఎస్ నిప్పురవ్వలు పొడవుగా, తెల్లటి గీతల్లా ఎగురుతాయి. కార్బన్ పెరిగేకొద్దీ రవ్వల చివర్లు చీలి పువ్వుల్లా విచ్చుకుంటాయి. బీడు రవ్వలు పొట్టిగా, ఎర్రగా రాయి దగ్గరే ఆరిపోతాయి. ఆకురాయి పెట్టి చూడటం ఇంకో పద్ధతి. ఆకురాయి జారిపోతే అక్కడ గట్టిపరచిన ఉక్కు ఉంది, దాన్ని సుత్తితో కొట్టకూడదు.

లోహం తేలాక కూడా ఇంకో పరీక్ష మిగులుతుంది. వంపు దగ్గర పగులు ఉందా? ఖరీదైన స్ప్రేలు లేకపోయినా ఇది తెలుస్తుంది. ముక్కను శుభ్రంగా తుడిచి కిరోసిన్ పూయండి. పావుగంట ఆగి గుడ్డతో బాగా తుడిచేసి, సుద్దముక్క పొడి రాయండి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ బయటికి ఊరి తెల్లటి సుద్ద మీద సన్నటి నల్లగీత పడుతుంది. ఆ గీత పడిన ముక్కను సీదా చేసే ఆలోచన మానుకోవాలి. ముందు పగులు సంగతి చూడాలి, లేదా కొత్తది కొనాలి.

సుత్తి, ప్రెస్, మంట

ఎంఎస్ ముక్కల్ని వీలైనంతవరకు చల్లగానే సరిచేయడం మేలు. ఇనుముకు కొంత వెనక్కి తన్నే గుణం ఉంటుంది. సరిగ్గా సీదా అయ్యేదాకా మాత్రమే నొక్కి వదిలితే మళ్ళీ కొంత వంపు తిరిగి వస్తుంది. అందుకే ప్రెస్ మీద కాస్త అవతలి వైపుకు దాటించి వదులుతారు. ఎంత దాటించాలన్నది చేతికి తెలియాలి. కొద్దికొద్దిగా నొక్కి, ప్రతిసారీ వదిలి చూడటమే దారి. ఒకే దెబ్బకు అయిపోవాలనుకుంటే అవతలికి వంగుతుంది, దాన్ని మళ్ళీ ఇవతలికి కొట్టాలి. అట్లా అటూ ఇటూ వంచేకొద్దీ లోహం బిరుసెక్కి పగులుతుంది.

పికప్ పళ్ళ మధ్య ఉండే రేకు పట్టీలు ఇందుకు తగిన పని. గట్టుకు తగిలి ఒక పట్టీ పక్కకు జరిగితే, పక్కనే తిరిగే పన్ను ప్రతి చుట్టులో దాన్ని రాసుకుంటుంది. కొన్నాళ్ళకు పన్ను విరిగి గడ్డితో పాటు లోపలికి పోతుంది. ఆ పట్టీ వెనక చెక్క దిమ్మ పెట్టి, మెల్లగా సుత్తితో తట్టి, పన్ను రెండు వైపులా సమానమైన ఖాళీ వచ్చేదాకా జరపాలి. పికప్‌ను చేత్తో పూర్తి చుట్టు తిప్పి, అన్ని వరుసల పళ్ళూ ఆ సందులోంచి రాసుకోకుండా పోతున్నాయో లేదో చూడాలి. అరగంట పని. దీన్ని వదిలేసి పన్ను విరిగినప్పుడల్లా కొత్త పన్ను వేసేవాళ్ళను చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

పన్ను మాత్రం వేరే జాతి. స్ప్రింగ్ ఉక్కును కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ తగిన వేడిలో ఉంచి దానికి ఆ బిగువు తెస్తారు. వంగిన పన్నును గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి సీదా చేస్తే చూడటానికి కొత్తదానిలా ఉంటుంది. లోపల ఆ బిగువు పోయింది. మొదటి గడ్డి వరుసకే వంగి అట్లాగే ఉండిపోతుంది. విరిగినదాన్ని వెల్డింగ్ చేస్తే వెల్డ్ పక్కనే మళ్ళీ విరుగుతుంది. పన్ను మార్చడం తప్ప ఇంకో దారి లేదు, అదేమంత ఖరీదు కూడా కాదు. ఆటోనగర్‌లో లారీల కమాన్ పట్టీలు చేసే చోట స్ప్రింగ్ ఉక్కు పని తెలిసినవాళ్ళు దొరుకుతారు. కొత్త పన్ను దొరకని మరీ పాత మోడల్ అయితే తీగ మందం, చుట్ల లెక్క చూపించి వాళ్ళచేత చేయించుకోవచ్చు. నమూనాకు విరిగినదాన్ని కాకుండా వాడని పన్ను ఒకటి పట్టుకెళ్ళండి.

మందపాటి డ్రాబార్, తలుపు చట్రం లాంటివి చల్లగా రావు. అక్కడే మంట పనికొస్తుంది. ఎర్రగా కాల్చి సుత్తితో బాదడం కాదు నేను చెప్పేది. వంపు బయటి వైపు, అంటే ఉబ్బిన వైపు, ఒక చిన్న మేర త్రికోణంలా కాల్చి వదిలేస్తారు. వేడికి అక్కడి లోహం వ్యాకోచించాలని చూస్తుంది, చుట్టూ ఉన్న చల్లటి లోహం దాన్ని కదలనివ్వదు, దాంతో అది తనలో తాను నొక్కుకుంటుంది. చల్లారేటప్పుడు మాత్రం కుంచించుకుని ఉబ్బిన వైపును లాగేస్తుంది. సుత్తి దెబ్బ లేకుండానే కడ్డీ కళ్ళ ముందు సీదా అవుతుంది. మొదటిసారి చూసినవాళ్ళకు ఇది గారడీ లాగే ఉంటుంది.

వేడి 600 నుంచి 650 డిగ్రీల దగ్గర, అంటే మసక ఎరుపు దగ్గర ఆగాలి. మే నెల మధ్యాహ్నం ఆరుబయట ఆ ఎరుపు కంటికి కనిపించదు. ఎండలో ఎర్రగా కనిపించిందంటే అప్పటికే హద్దు దాటిందని అర్థం. అందుకే తెలిసినవాళ్ళు ఈ పని షెడ్డు లోపల చీకటి మూలలో చేస్తారు. వేడిని బట్టి కరిగే టెంపరేచర్ చాక్ ఉంటే ఇంకా నయం. నీళ్ళు పోసి తొందరగా చల్లార్చొద్దు. కాల్చి కొట్టే పనైతే ఇంకో జాగ్రత్త కావాలి. ఎరుపు పోయి లోహం 200 నుంచి 350 డిగ్రీల మధ్యకు దిగినప్పుడు ఎంఎస్ కూడా పెళుసుగా ఉంటుంది. మెరిసే చోట పైన నీలం రంగు తేలే వేడి అది. అప్పుడు దెబ్బ వేస్తే పగుళ్ళు వస్తాయి. ఎరుపు పోగానే సుత్తి కింద పెట్టేయాలి.

సీదా అంటే దేనికి సీదా?

ఇక్కడే ఎక్కువ రిపేర్లు తప్పుతాయి. ముక్కను బల్ల మీద పెట్టి చూస్తే సూటిగా ఉంటుంది, మిషన్‌కు తగిలిస్తే కూర్చోదు. అప్పుడు బెజ్జాల్ని గ్యాస్‌తో పెద్దవి చేసి, బలవంతంగా లాగి బిగిస్తారు. నిజానికి వంకర ముక్కలో లేదు, అది కూర్చునే చట్రంలో ఉంది. గుంతలో పడ్డప్పుడు ముక్క ఒక్కటే వంగదు, పక్క రేకులూ మెలి తిరుగుతాయి.

గుండ్రటి కట్టల మిషన్‌లో రెండు పక్క రేకులే అన్నింటికీ ఆధారం. రోలర్ల బేరింగులన్నీ వాటి మీదే కూర్చుంటాయి. అందుకే రోలర్‌ను ముట్టుకోకముందు రెండు రేకుల మధ్య దూరాన్ని ముందు, వెనక, పైన, కింద టేపుతో కొలవాలి. తలుపు చట్రాన్ని మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవాలి. రెండు కొలతలూ సమానంగా రాకపోతే చట్రం పక్కకు ఒరిగింది. ముందు దాన్ని చైన్ పుల్లీతో లాగో, జాకీతో తోసో సరిచేయాలి. అటు తర్వాతే రోలర్ సంగతి.

చైన్ నడిచే చక్రాలకూ ఇదే సూత్రం. రెండు చక్రాల ముఖాల మీదుగా ఒక సూటి పట్టీనో, గట్టిగా లాగిన దారాన్నో ఆనించి చూస్తే ఒకటి లోపలికి ఉందో, వంకరగా ఉందో తెలిసిపోతుంది. చైన్ పక్క ప్లేట్లు ఒకే వైపు మెరుస్తున్నాయా? అయితే కొత్త చైన్ వేసి లాభం లేదు.

పలకల మిషన్‌లో ఆధారం ప్లంజర్ పట్టాలు. పెట్టె, కత్తి, సూది దూరే సందు అన్నీ వాటినుంచే కొలుచుకోవాలి. పట్టాలు అరిగి ఉండగా సూదుల్ని సరిచేయడం వంకర గోడకు తలుపు సరిపెట్టడం లాంటిదే.

రోలర్లు, షాఫ్టులు

ఒకే రోలర్‌కు ఒకే వైపు బేరింగ్ మాటిమాటికీ పోతోందంటే బేరింగ్ కంపెనీని తిట్టే ముందు రోలర్‌ను విప్పి లేత్ మీద తిప్పించండి. ఈ రోలర్లు సాధారణంగా ఒక గొట్టం, రెండు చివర్లా వెల్డ్ చేసిన పొట్టి షాఫ్టులు. రాయి లోపలికి పోతే గొట్టం సొట్టపడుతుంది, లేదా చివరి షాఫ్టు కాస్త ఒరుగుతుంది. కంటికి కనిపించదు. డయల్ గేజ్ ఆనించి తిప్పితే ముల్లు ఊగుతుంది. ఆ ఊపు ఒక మిల్లీమీటరు ఉంటే అసలు వంపు అర మిల్లీమీటరే. వంపు ఒకసారి ఇటు, ఒకసారి అటు వచ్చి ముల్లు రెండింతలు చూపిస్తుంది. ఇది తెలియక ప్రెస్ మీద రెండింతలు నొక్కేవాళ్ళు ఉన్నారు.

షాఫ్టు స్వల్పంగా వంగితే వీ దిమ్మల మీద పెట్టి ప్రెస్‌తో తీయొచ్చు. చివరి షాఫ్టు బేరింగ్ కూర్చునే చోట అరిగిపోయి కూడా ఉంటే, దాన్ని కోసేసి కొత్తగా ఈఎన్ 8 ముక్క వెల్డ్ చేయించడం మేలు. పని వరుస తప్పకూడదు. వెల్డింగ్ ముందు, ఆ తర్వాతే లేత్ మీద తుది కొలతకు చెక్కాలి. ముందే చక్కగా చెక్కి తర్వాత వెల్డ్ చేస్తే వెల్డింగ్ వేడికి అది పక్కకు లాగేస్తుంది. షాఫ్టును ముందుగా కాస్త వేడి చేసి, ఓవెన్‌లో ఆరబెట్టిన 7018 రకం వెల్డింగ్ రాడ్డు వాడితే వెల్డ్ పక్కన పగుళ్ళు రావు. తడి చేరిన రాడ్డు వాడితే వెల్డ్ పైకి బాగానే కనిపించి, ఒకటి రెండు రోజుల తర్వాత పగిలే ప్రమాదం ఉంది.

మిషన్ మీదే వెల్డింగ్ చేయక తప్పకపోతే ఎర్త్ క్లాంపు వెల్డ్ పక్కనే తగిలించాలి. ఎక్కడో డ్రాబార్‌కు తగిలించి తలుపు మీద వెల్డ్ చేస్తే కరెంటు బేరింగుల్లోంచి పోతుంది, గుండ్ల మీద చిన్న చిన్న మచ్చలు పడతాయి. ఆ బేరింగ్ నెలలోపే అరవడం మొదలుపెడుతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. ట్రాక్టర్‌ను కూడా మిషన్ నుంచి విడదీసి దూరంగా పెట్టడం మంచిది. గడ్డి దుమ్ము అంతా ఊడ్చి, పక్కన నీళ్ళ బకెట్ పెట్టుకోకుండా బేలర్ మీద మంట వెలిగించొద్దు.

పీటీఓ షాఫ్టు విషయంలో నాకు రెండో మాట లేదు. ఒకదాంట్లో ఒకటి జారే గొట్టం వంగితే మార్చేయాలి. కొట్టి సరిచేసిన గొట్టం జారదు. మలుపులో ట్రాక్టర్ తిరిగినప్పుడు బిగుసుకుని గేర్‌బాక్సును నెడుతుంది, 540 చుట్ల వేగంలో అదురుతుంది. దాని మీది ప్లాస్టిక్ తొడుగు పగిలితే దాన్నీ అప్పుడే మార్చాలి. తొడుగు లేని షాఫ్టు పంచెనో, చున్నీనో, చొక్కా చేతినో పట్టుకుందంటే మనిషి ఇంజిన్ ఆపేలోపే అంతా అయిపోతుంది.

సూది, ముడి డబ్బా

ముడి వేసే యంత్రం వయసు ఈ బేలర్లకన్నా ఎక్కువ. అమెరికాలో జాన్ ఆపిల్‌బీ 1878లో పంటమోపులు కట్టడానికి తయారుచేసిన ముడి యంత్రం మూలసూత్రమే నేటి పలకల బేలర్లలో కూడా నడుస్తోంది. ఒక చిన్న ఉక్కు ముక్కు గిర్రున తిరిగి దారాలను తన చుట్టూ చుట్టుకుని, నోరు తెరిచి చివర్లను పట్టుకుంటుంది. తర్వాత ఒక చేయి వచ్చి దారం కోసి, చుట్టును ముక్కు మీద నుంచి తోసేస్తుంది. ముడి పడిపోతుంది. ఇదంతా ఒక రెప్పపాటులో జరుగుతుంది, కాబట్టి ఇక్కడ మిల్లీమీటరు తేడా కూడా పెద్దదే.

ఇందులో దాదాపు దేన్నీ వంచకూడదు. ముక్కు గట్టిపరచిన ఉక్కు. తుప్పు పడితే సన్నటి ఎమరీ కాగితంతో నునుపు చేయొచ్చు, గీతలు లోతుగా పడితే మార్చాలి. దారం పట్టే చక్రం వంగితే మార్చాలి. ఒక్కటి మాత్రం విచిత్రంగా దీనికి మినహాయింపు. దారాన్ని తోసే ఆ చేయి ముక్కును తేలిగ్గా రాసుకుంటూ పోవాలి. అది అరిగి దూరమైతే చేతినే చల్లగా కొద్దిగా వంచి దగ్గరికి తేవాలని చాలా మాన్యువళ్ళే చెబుతాయి. అంటే డిజైన్‌లోనే వంచడం ఉంది. కాల్చి మాత్రం వంచకూడదు.

సూదుల దగ్గరికి వద్దాం. మిషన్‌కు రెండు సూదులుంటాయి. రెండూ ఒకే రూపంలో ఉన్న మోడల్ అయితే, బాగున్న సూదిని ప్లైవుడ్ ముక్క మీద పెట్టి చుట్టూ సన్నటి పెన్సిల్‌తో గీత గీయండి. వంగినదాన్ని ఆ గీత మీద పెడితే వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది. సూదికి పక్కకు మెలి ఉందేమో కూడా చూడాలి. ప్లైవుడ్ మీద అన్నిచోట్లా ఆనకుండా ఒకచోట లేస్తే మెలి ఉన్నట్టే. కొద్దిపాటి వంపును, పగులు లేదని తేలాక, ప్రెస్ మీద నిదానంగా తీయొచ్చు. ఎక్కువ వంగినా, పగిలినా కొత్తది తెప్పించుకోవాలి.

సీజన్ మధ్యలో కొత్త సూది రావడానికి రోజులు పడుతుంది, నిజమే. విరిగిన మ్యాలియబుల్ సూదిని అతకాల్సి వస్తే ఇత్తడితో బ్రేజింగ్ చేయించడం మామూలు వెల్డింగ్ కన్నా నయం. లోహాన్ని కరిగించి వెల్డ్ చేస్తే ఆ చుట్టుపక్కల మ్యాలియబుల్ ఇనుము తన గుణం కోల్పోయి గాజులా పెళుసవుతుంది. బ్రేజింగ్‌లో సూది లోహం కరగదు కాబట్టి ఆ ముప్పు తక్కువ. ఎస్‌జీ ఐరన్ అయితే నికెల్ రాడ్డు ఉంది. ఏదైనా కొత్త సూది వచ్చేదాకా మాత్రమే. అతికిన చోట గరుకు లేకుండా గీయించండి, లేకపోతే దారం అక్కడ చిక్కుకుని తెగుతుంది.

సూది తగిలించాక టైమింగ్ చూడాలి. ప్లంజర్ ముఖంలో ఉన్న సందుల్లోంచి సూదులు దేనికీ తగలకుండా పైకి రావాలి. చైన్ ఒక్క పన్ను దాటినా, గేర్ గుర్తులు కలవకపోయినా ప్లంజర్ నేరుగా సూదుల్ని కొడుతుంది. ట్రాక్టర్ ఆపి, తాళం జేబులో పెట్టుకుని, పీటీఓ విడదీసి, ముడి డబ్బాను కదిలించే ట్రిప్పు లివర్‌ను వదిలి ఫ్లైవీల్‌ను చేత్తో సరైన దిక్కుకు ఒక పూర్తి ఆవృతం తిప్పాలి. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు చూడాలి, చూసేవాళ్ళు వేళ్ళు లోపల పెట్టకూడదు. ఫ్లైవీల్ బరువుకు చెయ్యి వదిలాక కూడా కాస్త దూరం తిరుగుతుంది.

కొనాలా, చేయించాలా

హైదరాబాద్‌లో ఉన్న సౌలభ్యం ఏమిటంటే బేలర్ ముక్కల్లో చాలావాటికి కంపెనీ డీలర్ కోసం ఎదురుచూడక్కర్లేదు. బేరింగులు, చైన్లు, ఆయిల్ సీళ్ళు, బోల్టులు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నంబరు చెబితే దొరుకుతాయి. బేరింగ్ రింగ్ మీద ఉన్న నంబరును తుప్పు తుడిచి ఫోటో తీసుకెళ్ళండి. హెచ్ఏఎల్, ఐడీపీఎల్ లాంటి పెద్ద సంస్థల చుట్టూ పెరిగిన బాలానగర్‌లో లేత్, మిల్లింగ్, హీట్ ట్రీట్‌మెంట్ పనులన్నీ దగ్గర దగ్గరే అవుతాయి. 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కూడా అక్కడే ఉంది. సూక్ష్మమైన కొలతల పనికి అలవాటుపడిన చేతులు ఆ ప్రాంతంలో ఎక్కువ.

ఆ నైపుణ్యమే ఒక్కోసారి మనల్ని మోసం చేస్తుంది. లేత్ షాపులో ఏ ముక్కకైనా అచ్చుగుద్దినట్టు నకలు తీసి ఇస్తారు. ఆకారం సరిపోతుంది, లోపలి లోహం సరిపోదు. ముడి డబ్బా ముక్కును ఎంఎస్‌లో చెక్కించి వేస్తే కొన్నాళ్ళు చక్కగా ముడులు పడతాయి, తర్వాత దారం రాపిడికి గాడి పడి ముడులు జారిపోతాయి. బుష్‌లు, పిన్నులు, స్పేసర్లు, రోలర్ చివరి షాఫ్టులు, చైన్ చక్రాలు చేయించుకోవచ్చు. చక్రాల పళ్ళు గట్టిపరచమని విడిగా చెప్పాలి. ముడి డబ్బా ముక్కలు, సూదులు, పీటీఓ షాఫ్టు, సేఫ్టీ బోల్టు మాత్రం అసలువే కొనాలి. ధర ఎక్కువని నాకూ తెలుసు.

పక్క రేకులు మెలి తిరిగి, ప్లంజర్ పట్టాలు అరిగి, ముడి డబ్బా గేర్లు కూడా పోయిన మిషన్ ఎదురైతే విడిభాగాల లెక్క కాగితం మీద వేసి చూడండి. మూడింట్లో ఒక్కటి పోతే రిపేరు. మూడూ పోతే దాన్ని అదే మోడల్ ఉన్న ఇంకో మిషన్‌కు స్పేర్లుగా ఉంచుకోవడమే లాభం. ఊళ్ళో ఒకే మోడల్ మిషన్లు రెండు మూడు ఉంటే యజమానులు కలిసి ఇట్లాంటి పాతదాన్ని కొనుక్కోవడం తెలివైన పని.

ట్రాక్టర్‌కు తగిలించాక

రిపేరైన మిషన్‌ను నేరుగా పొలానికి తీసుకెళ్ళకండి. తక్కువ ఆర్‌పీఎమ్‌లో పది నిమిషాలు ఖాళీగా తిప్పి, మెల్లగా 540కి తీసుకెళ్ళండి. కొత్త శబ్దం వస్తే ఆపాలి. తర్వాత ఇంజిన్ ఆపి, అంతా నిలిచాక ఒక్కో బేరింగ్ హౌసింగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. అన్నీ గోరువెచ్చగా ఉండి ఒకటి మాత్రం చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే ఆ రోలర్ ఇంకా సూటిగా కూర్చోలేదు. ఎండు గడ్డి పక్కన కాలే బేరింగ్ అంటే నిప్పుతో ఆట, దాన్ని తర్వాత చూద్దామని వదలొద్దు.

మొదటి కట్టలు పలచటి వరుసలో, నెమ్మదిగా కట్టించాలి. పది కట్టలయ్యాక విప్పి బిగించిన బోల్టులన్నీ మళ్ళీ ఒకసారి బిగించండి, చైన్ల బిగువు చూడండి. సీదా చేసిన ముక్క మీద పెయింట్ పూయకుండా ఆ వారం అట్లాగే వదిలేయండి, కొత్తగా పగులు పుడితే తుప్పుగీతలా కంటికి కనిపిస్తుంది. మాన్యువల్ గ్రేడ్ సేఫ్టీ బోల్టులు డజను కొని టూల్ బాక్సులో పెట్టి, ఆ 10.9 బోల్టును మాత్రం డ్రైవర్ చేతికి దొరకకుండా ఇంటికి తెచ్చేయండి.